18 వేల సెలెరాన్ బుల్లి ల్యాప్‌టాప్ ఆ డబ్బుకు తగిందేనా?

నమస్తే అండీ. మీ ప్రశ్న చదివాను. మీ అమ్మాయి బీకాం కంప్యూటర్స్ మొదటి ఏడాదిలో చేరింది. మీ బడ్జెట్ 20 వేల లోపు. ఆన్‌లైన్ సేల్‌లో 11.6 అంగుళాల ల్యాప్‌టాప్ ఒకటి 18 వేలకు కనబడింది. అందులో సెలెరాన్ ఎన్4020 (ఇంటెల్ చవక చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికించే స్టోరేజ్ చిప్), విండోస్ 11. బరువు కేజీ కాస్త పైన, రోజూ బస్సులో మోసుకెళ్లే పిల్లకి సౌకర్యంగా ఉంటుంది కదా, తీసుకోవచ్చా లేక డబ్బు దండగా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ అమ్మాయి అవసరానికి అది తీసుకోకండి. అదే డబ్బుకి 8వ తరం ఇంటెల్ ఐ5 చిప్ ఉన్న రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) బిజినెస్ ల్యాప్‌టాప్ దొరుకుతుంది. చూసి తీసుకుంటే మూడేళ్ల డిగ్రీ దాంతో ఇబ్బంది లేకుండా గడిచిపోతుంది. సెకండ్ హ్యాండ్ ఇష్టం లేకపోతే ఇంకో నాలుగు నెలలు ఆగి, ఇంకొంత డబ్బు జమచేసి, ఎన్100 లాంటి కొత్త ఇంటెల్ చిప్, 8 జీబీ ర్యామ్, అసలైన ఎస్ఎస్‌డీ (వేగమైన స్టోరేజ్) ఉన్న కొత్తది కొనండి.

చిన్న చిప్పు ల్యాప్‌టాప్‌లన్నీ పనికిరానివి అని నేను అనను. గుంటూరులో సర్వీసు షాపు నడుపుతున్నాను, ఎక్స్‌పీ కాలం నాటి నెట్‌బుక్కుల (చిన్న చవక ల్యాప్‌టాప్‌ల) నుంచి ఇవాళ్టి వాటి దాకా నా టేబుల్ మీదకి వస్తూనే ఉన్నాయి. వాటితో ఏళ్ల తరబడి సంతోషంగా పని చేసుకుంటున్నవాళ్లు నాకు తెలుసు. ఎవరికి పనికొస్తాయో కింద రాస్తాను. ముందు మీ అమ్మాయికి ఎందుకు వద్దంటున్నానో చెబుతాను.

చాలామంది సెలెరాన్ అనే పేరు చూసి చిప్పుని తిడతారు. ఎన్4020 బలహీనమైనదే. రెండే కోర్లు, రెండే థ్రెడ్లు, 1.1 గిగాహెర్ట్జ్ దగ్గర మొదలై అవసరం పడినప్పుడు 2.8 వరకు వెళ్తుంది. 2019 చివర్లో వచ్చిన చిప్. కానీ 6 వాట్ల చిప్పుకి అది పర్వాలేదనిపించే పనితనమే. వర్డ్‌లో ఉత్తరం టైప్ చేయడానికి, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో వోచర్ కొట్టడానికి అంతకంటే పెద్ద చిప్ అక్కర్లేదు. యూట్యూబ్ పాఠాలు కూడా బాగానే ఆడతాయి. హెచ్.264, వీపీ9 రకం వీడియోలను డీకోడ్ చేసే, అంటే విప్పి చూపించే హార్డ్‌వేర్ అందులోనే ఉంది. ఏవీ1 రకం వీడియో వస్తే మాత్రం తడబడుతుంది.

ఇబ్బంది అంతా బోర్డు మీద అతికించేసిన 4 జీబీ ర్యామ్‌తో, 64 జీబీ ఈఎంఎంసీతో. ఈ రెండింటినీ మీరు తర్వాత మార్చలేరు, పెంచలేరు. నెమ్మదిగా ఉన్న ల్యాప్‌టాప్‌ని నేను ఎలాగోలా దారిలో పెట్టగలను. పెంచడానికి చోటే లేనిదాన్ని ఏం చేయగలను?

విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస అవసరమే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. అంటే మీరు చూసిన మోడల్ సరిగ్గా ఆ గీత మీదే నిలబడి ఉంది. కొత్త ల్యాప్‌టాప్ ఆన్ చేసి, ఏమీ తెరవకుండా టాస్క్ మేనేజర్ చూస్తే సగానికి పైగా మెమరీ అప్పటికే వాడేసి ఉంటుంది. గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది. ఆపైన యాంటీవైరస్, వాట్సాప్, క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు, ఒక గూగుల్ మీట్ క్లాసు. అంతే, ర్యామ్ నిండిపోతుంది.

ర్యామ్ నిండగానే విండోస్ అందులోని కొంత డేటాను తీసి స్టోరేజ్‌లో దాచి, కావాల్సినప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. మంచి ఎస్ఎస్‌డీ ఉంటే ఇది మనకి తెలియనే తెలియదు. ఈఎంఎంసీ మాత్రం పాత తరం ఫోన్లలో ఉండే రకం చిప్. ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు, రెండూ కలిపి చేయలేదు. ఒకపక్క రాస్తూ ఇంకోపక్క చదవాల్సిన అవసరం వచ్చినప్పుడే అది గొంతు పట్టినట్టు ఆగిపోతుంది. అలాంటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ ముప్పై శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, మెమరీ తొంభై దాటి ఉంటుంది, డిస్క్ వంద దగ్గర నిలబడి ఉంటుంది. మౌస్ కదులుతుంది కానీ క్లిక్ చేస్తే ఏదీ తెరుచుకోదు. షాపుకి ఇలాంటివి తెచ్చినవాళ్లు దాదాపు అందరూ అనే మాట ఒకటే: "ప్రాసెసర్ వీక్ అంట కదండీ". ఆ స్క్రీన్ చూపించాక గానీ నమ్మరు.

స్టోరేజ్ లెక్క ఇంకా కష్టం. 64 జీబీ అని రాసినా విండోస్‌లో కనబడేది 57, 58 జీబీ. అందులో సగం దాకా విండోస్‌కే పోతుంది. ఏటా ఒకసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌కి పది నుంచి ఇరవై జీబీ ఖాళీ ఉండాలి. మీ అమ్మాయి ఆఫీస్, ట్యాలీ, క్రోమ్ వేసుకుని, రెండు సెమిస్టర్ల పీడీఎఫ్‌లు, పీపీటీలు, వాట్సాప్ గ్రూపులో వచ్చే వీడియోలు పెట్టుకునేసరికి సీ డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. అప్‌డేట్ సగంలో ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది.

సత్తెనపల్లి నుంచి ఒక డిగ్రీ అమ్మాయి వాళ్లమ్మతో కలిసి సరిగ్గా ఇలాంటిదే తెచ్చింది. "అంకుల్, ఆన్ చేస్తే అప్‌డేట్ అని తిరుగుతూనే ఉంటుంది. రేపు ప్రాజెక్ట్ సబ్మిట్ చేయాలి, టెన్షన్‌గా ఉంది" అంది. వాళ్లమ్మ పక్కనుంచి "కొని ఏడాదైనా నిండలేదు బాబూ. ర్యామ్ ఏదో వేస్తే స్పీడ్ అవుద్దంట కదా, ఎంతైనా వెయ్యి" అంది. మూత విప్పి ఇద్దరికీ చూపించాను. లోపల సగానికి పైగా ఖాళీ. అరచేతంత బోర్డు, దాని మీద పలచటి రేకు, ఫ్యాన్ లేదు, పక్కన రెండు బ్యాటరీ సెల్స్. ర్యామ్ స్లాట్ లేదు. బోర్డు అంచున ఎస్ఎస్‌డీ పెట్టుకునే ఎం.2 స్లాట్ కోసం బంగారు రంగు ప్యాడ్లు అచ్చువేసి ఉన్నాయి, స్లాట్ మాత్రం అతకలేదు. ఆ తల్లి ఆ ఖాళీ వంక చూసి "ఇంత చోటు పెట్టుకుని ఎందుకు వేయలేదు బాబూ?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. దానికి కారణం ధర తగ్గించడం తప్ప మరొకటి లేదు. ప్రాజెక్ట్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, అనవసరమైనవి తొలగించి, అప్‌డేట్‌ని పెన్‌డ్రైవ్ సాయంతో పూర్తి చేయించి ఇచ్చాను. గండం గడిచింది. కానీ ఇంకో ఏడాదికి అదే పరిస్థితి మళ్లీ వస్తుందని వాళ్లకి చెప్పే పంపాను.

ఇంకో మాట. ఎస్ఎస్‌డీ పోతే ఇంకోటి కొని వేసుకోవచ్చు. ఈఎంఎంసీ పోతే బోర్డు పోయినట్టే. ఆ చిప్‌ని వేడి చేసి ఊడదీసి కొత్తది అతికించే పని అందరూ చేయలేరు, చేసినా అందులోని డేటా తిరిగి రాదు. బోర్డు మార్చాలంటే అయ్యే ఖర్చు విని చాలామంది ల్యాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోతారు. కాబట్టి 18 వేలు అన్నది ఎన్నేళ్లకి అని కూడా లెక్క వేసుకోవాలి. ఏడాదిన్నర ప్రశాంతంగా వాడి, మిగతా ఏడాదిన్నర దాంతో కుస్తీ పడితే అది చవక కాదు.

పాత నెట్‌బుక్కుల సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే వాటి కథ కూడా ఇదే. 2007లో ఆసుస్ ఈ పీసీ 701 వచ్చింది. 7 అంగుళాల స్క్రీన్, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ ఫ్లాష్ స్టోరేజ్, లినక్స్. మరుసటి ఏడాది ఇంటెల్ ఆటమ్ ఎన్270 రావడంతో ప్రతి కంపెనీ ఒక నెట్‌బుక్ దించింది. 2.5 వాట్ల చిప్, 1.6 గిగాహెర్ట్జ్. అప్పుడు ల్యాప్‌టాప్ అంటే రెండున్నర కేజీల బరువు, మధ్యతరగతి ఇంట్లో పెద్ద ఖర్చు. ఆ రోజుల్లో నెట్‌బుక్ కొనడంలో అర్థం ఉంది. మెయిల్ చూసుకోవడానికి, రైలు టికెట్ తీసుకోవడానికి, అమెరికాలో ఉన్న కొడుకుతో స్కైప్‌లో మాట్లాడటానికి అంత తక్కువ ధరలో వేరే మార్గం లేదు.

అప్పట్లో కూడా అందరూ ఆటమ్‌నే తిట్టారు. నిజానికి మైక్రోసాఫ్ట్ నెట్‌బుక్కులకు ఎక్స్‌పీ లైసెన్సు చవగ్గా ఇస్తూ పరిమితులు పెట్టింది, ర్యామ్ 1 జీబీ మించకూడదన్నది వాటిలో ఒకటి. తర్వాత వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లో వాల్‌పేపర్ మార్చుకునే వీలు కూడా లేదు. కానీ వాటికి ఒక గొప్ప గుణం ఉండేది. చాలా మోడళ్లలో వెనక చిన్న మూత, రెండు స్క్రూలు, లోపల ఒక ర్యామ్ స్లాట్, పక్కన మామూలు హార్డ్ డిస్క్. 2 జీబీ ర్యామ్ వేసి, తర్వాతి రోజుల్లో ఎస్ఎస్‌డీ పెట్టి ఇస్తే అదే ఆటమ్ చాలా మెరుగ్గా నడిచేది. 2010లో ఐప్యాడ్ వచ్చి, వెనకే చవక టాబ్లెట్లు వచ్చాక ఆ మార్కెట్ రెండు మూడేళ్లలో ఎండిపోయింది. ఇప్పుడు మీరు చూస్తున్నవి ఆ వంశానివే. ఆ చిన్న మూత ఒక్కటి లేకుండా తిరిగి వచ్చాయి. నాకు వీటి మీద ఉన్న కోపమంతా దాని గురించే.

మరి ఇవి ఎవరికి పనికొస్తాయి? ఒకే రకం పని, అదీ ఒకటి తర్వాత ఒకటి చేసుకునేవాళ్లకి. రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన కూర్చునే దస్తావేజు లేఖరి ఒకాయన దగ్గర ఇలాంటిదే ఉంది. అను ఫాంట్లలో దస్తావేజు టైప్ చేస్తారు, ప్రింట్ ఇస్తారు, పెన్‌డ్రైవ్‌లో దాస్తారు. అందులో క్రోమ్ తెరవరు, నెట్ కనెక్షనే ఇవ్వలేదు. కరెంటు పోయినా మధ్యాహ్నం దాకా బ్యాటరీ మీద నడుస్తుంది. ఆయనకి ఇది బంగారం. అలాగే రిటైరైన ఒక తెలుగు మాస్టారు ప్రవచనాలు చూడటానికి, తన వ్యాసాలు టైప్ చేసుకోవడానికి వాడుతున్నారు. ఎరువుల షాపులో బిల్లింగ్‌కి ఒకటి నడుస్తోంది. వీళ్లెవరికీ ఒకేసారి పది పనులు చేసే అవసరం లేదు, రెండేళ్ల తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాల్సిన అవసరమూ లేదు.

విద్యార్థి అలా కాదు. బీకాం కంప్యూటర్స్‌లో మొదటి ఏడాది వర్డ్, ఎక్సెల్‌తో సరిపోవచ్చు. తర్వాత ట్యాలీ, డేటాబేస్, కొంత ప్రోగ్రామింగ్ వస్తాయి. ఇంటర్న్‌షిప్ అంటే ఇంకో రెండు సాఫ్ట్‌వేర్లు. ఆన్‌లైన్ పరీక్ష రాసేటప్పుడు కెమెరా, స్క్రీన్ రికార్డింగ్, బ్రౌజర్ మూడూ ఒకేసారి నడవాలి. పరీక్ష మధ్యలో స్క్రీన్ బిగుసుకుపోతే ఆ పిల్ల పడే టెన్షన్‌కి మీరు మిగుల్చుకున్న రెండు వేలు సమాధానం చెప్పవు.

ధర విషయంలో నా లెక్క ఇది: ఇలాంటి 4 జీబీ, 64 జీబీ మోడల్‌కి 12 వేలు దాటి ఇవ్వడం దండగ. ఆ లోపు దొరికితే, పైన చెప్పిన ఒంటి పని అవసరమైతే, నిశ్చింతగా తీసుకోవచ్చు.

సేల్ పేజీలో రాసేవి చదివేటప్పుడు జాగ్రత్త. "2.8 గిగాహెర్ట్జ్ వరకు" అంటే కొద్దిసేపటి వేగం. ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్ మన మే నెల ఎండలో ఆ వేగంతో ఎక్కువసేపు నిలబడదు, వేడెక్కి తగ్గిపోతుంది. "1 టీబీ వరకు పెంచుకోవచ్చు" అంటే పక్కన మెమరీ కార్డు పెట్టుకోవచ్చని మాత్రమే. ఆ కార్డులో ఫైళ్లు దాచుకోవచ్చు, విండోస్‌కి మాత్రం ఊపిరి ఆడదు. "ఆఫీస్ ఉచితం" అని ఉంటే అది జీవితకాలానికా, ఏడాదికా అని అడగండి. "ఎస్ మోడ్" అని ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే యాప్‌లు తప్ప వేరేవి పడవు. డబ్బు కట్టకుండానే అందులోంచి బయటికి రావచ్చు, కానీ వస్తే తిరిగి వెళ్లలేరు. స్క్రీన్ 1366×768 టీఎన్ ప్యానెల్ (చవక రకం తెర) అయితే కాస్త పక్కనుంచి చూసినా రంగులు వెలిసిపోతాయి. ఎక్సెల్‌లో నిలువు వరుసలు ఎక్కువ పట్టవు, రోజంతా అకౌంట్స్ చేసే పిల్లకి కళ్లు లాగుతాయి.

ఇప్పుడు రీఫర్బిష్డ్ సంగతి, దీనికే ఎక్కువ సమయం పెట్టండి.

ఐటీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి మార్చేసే బిజినెస్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే అందరూ సీటీసీ అనేచోటికి, పెద్ద ఎత్తున వస్తాయి. గుంటూరు, విజయవాడ షాపుల్లో అమ్మేవి కూడా చాలావరకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి వచ్చినవే. మీరు అడగాల్సినవి లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5. మూడూ 2018 నాటివి, 14 అంగుళాలవి, బరువు కేజీన్నర అటూ ఇటూ. ఐ5-8250యూ లేదా 8350యూ అయితే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. మీరు చూసిన సెలెరాన్‌కీ దీనికీ పోలికే లేదు. అంతకంటే ముఖ్యం, మూడింటిలోనూ రెండేసి ర్యామ్ స్లాట్లు ఉన్నాయి, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు. ఇప్పుడు 8 జీబీతో కొని, మూడో ఏడాది అవసరమైతే ఇంకో 8 వేయించుకోవచ్చు. మా దగ్గర ఇవి 8 జీబీ, 256 జీబీ ఎస్ఎస్‌డీతో కండిషన్‌ని బట్టి 16 నుంచి 20 వేల మధ్య నడుస్తున్నాయి. ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు పెరిగితే ఇదీ పెరుగుతుంది.

8వ తరం కంటే పాతది వద్దు. 9వ తరం వరకు, ఐ5 తర్వాత గీత పక్కన ఉన్న మొదటి అంకె తరాన్ని చెబుతుంది. 8350 అంటే 8వ తరం, 6300 అంటే 6వ తరం. విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఇచ్చేది 8వ తరం నుంచే అనుకోండి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది. కొందరు 6వ తరం దాంట్లో అడ్డదారిన విండోస్ 11 వేసి "కొత్త విండోస్ ఉంది చూడండి" అని అమ్ముతారు. "ఐ7" స్టిక్కర్ చూపించి 4వ తరం అంటగట్టేవాళ్లూ ఉన్నారు. స్టిక్కర్ వంక చూడకండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి ప్రాసెసర్ పేరు మీ కళ్లతో చదవండి.

షాపులో కూర్చుని చేయాల్సిన పనులు ఇంకొన్ని ఉన్నాయి, మొహమాటపడకండి. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో డెబ్బై శాతం కంటే తక్కువ ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు, సుమారు రెండు మూడు వేలు, బేరంలో తగ్గించమనండి. టీ480కి బయటినుంచి తీసి పెట్టుకునే బ్యాటరీ ఒకటి, లోపల ఇంకోటి, మొత్తం రెండు ఉంటాయి, రెండింటి అంకెలూ చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఎస్‌డీ హెల్త్ చూడండి. ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి, అడిగితే ఆ ల్యాప్‌టాప్ అక్కడే వదిలేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ ఒకసారి నొక్కండి. స్క్రీన్‌ని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచుతూ మడత దగ్గర హింజ్ బిగువుగా ఉందా, స్క్రీన్ మీద గీతలు వస్తున్నాయా గమనించండి.

ఒకటి మాత్రం చాలామంది వదిలేస్తారు. విండోస్ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, మొదటి సెటప్ మీ ముందే చేయించండి. కంపెనీ రికార్డుల్లోంచి తీయని ల్యాప్‌టాప్ అయితే ఆ సమయంలో ఏదో సంస్థ పేరు చూపించి వాళ్ల ఆఫీసు లాగిన్ అడుగుతుంది. అలాంటిది నెట్ లేకుండా సెటప్ చేసి అమ్మితే ముందు బాగానే నడుస్తుంది, ఎప్పుడో రీసెట్ చేసిన రోజున మీ చేతిలో తాళం పడ్డ పెట్టె మిగులుతుంది. బిల్లు మీద సీరియల్ నంబరు, జీఎస్‌టీ, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. ఆరు నెలలు రాసివ్వని షాపులో నేనైతే కొనను.

బస్సులో బరువు గురించి అన్నారు. ఛార్జర్‌తో కలిపితే అరకేజీ తేడా వస్తుంది, అది నిజమే. రోజూ మోసేది మీ అమ్మాయి కాబట్టి షాపుకి తననే తీసుకెళ్లి, బ్యాగులో పెట్టి భుజాన వేసుకుని చూడమనండి. టీ480 కంటే 7490 కాస్త తేలిక.

కొత్తదే కావాలనుకుంటే: ఇంటెల్ 2023లో సెలెరాన్, పెంటియం అనే పేర్లు ఆపేసి ఉత్త "ఇంటెల్ ప్రాసెసర్" అని ఎన్100, ఎన్200 తెచ్చింది, 2025లో ఎన్150 వచ్చింది. ఎన్100 కూడా 6 వాట్లదే, కానీ నాలుగు కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, ఏవీ1 వీడియో కూడా డీకోడ్ చేస్తుంది. 8 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ ఉన్న ఎన్100 ల్యాప్‌టాప్‌ని నేను ఏ డిగ్రీ విద్యార్థికైనా మనస్ఫూర్తిగా చెబుతాను. తక్కువ కరెంటు తాగే చిప్ తప్పు కాదనడానికి ఇదే సాక్ష్యం. ఒక్క జాగ్రత్త: ఎన్100 అని రాసి 4 జీబీ, ఈఎంఎంసీ పెట్టి అమ్మేవీ ఉంటాయి. మూడూ కలిసి ఉంటేనే తీసుకోండి.

విండోస్ కాకుండా వేరే సిస్టమ్‌తో వచ్చే క్రోమ్‌బుక్, జియోబుక్ లాంటివాటి గురించి కూడా అడుగుతారేమో. క్రోమ్‌బుక్‌లో 4 జీబీ విండోస్ కంటే బాగా సరిపోతుంది, 2021 నుంచి వచ్చిన వాటికి గూగుల్ పదేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. బ్రౌజర్‌లోనే జరిగిపోయే చదువైతే అది మంచి మార్గం. కానీ బీకాం పిల్లకి ట్యాలీ కావాలి, ట్యాలీకి విండోస్ కావాలి. కాబట్టి మీకు ఈ దారి కుదరదు.

ఇప్పటికే ఇలాంటిది కొనేసినవాళ్లు ఇది చదువుతుంటే, దిగులు పడకండి, కొంత చేసుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్‌లన్నీ ఆపేయండి. విడిగా కొన్న యాంటీవైరస్ తీసేయండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్, క్రోమ్‌లో మెమరీ సేవర్ ఆన్ చేయండి, రెండు బ్రౌజర్లు ఒకేసారి వాడకండి. వాట్సాప్ యాప్ తీసేసి ఫోన్‌లోనే చూసుకోండి. హైబర్నేషన్ ఆపేస్తే సీ డ్రైవ్‌లో కొంత చోటు వస్తుంది. ఫైళ్లన్నీ మెమరీ కార్డులోకి మార్చండి, ముఖ్యమైనవి ఇంకోచోట కూడా ఉంచుకోండి. వెనక మూత విప్పి ఎం.2 స్లాట్ ఉందేమో తెలిసినవాళ్లతో చూపించండి, కొన్ని మోడళ్లలో అది నిజంగానే ఉంటుంది, 256 జీబీ ఎస్ఎస్‌డీ వేస్తే సగం బాధ పోతుంది.

విండోస్ తప్పనిసరి కాకపోతే విండోస్ బదులు వాడే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం వేయించుకోండి. 4 జీబీలో అది తేలిగ్గా నడుస్తుంది, 20 జీబీ స్థలం ఉంటే చాలు. లిబ్రే ఆఫీస్ దాంతోనే వస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపింగూ పెట్టుకోవచ్చు. ఇంట్లో పాత ఆటమ్ నెట్‌బుక్ ఉన్నవాళ్లకి ఇది ఇప్పుడు కుదరదు. ఎన్270 32 బిట్ చిప్, కొత్త మింట్ దాని మీద పడదు.

మీ అమ్మాయి ట్యాలీ కోసం ముందే లైసెన్సు కొనకండి. ట్యాలీప్రైమ్‌లో ఎడ్యుకేషనల్ మోడ్ ఉంది, నెలలో 1, 2, 31 తేదీల ఎంట్రీలు మాత్రమే తీసుకుంటుంది, నేర్చుకోవడానికి అది సరిపోతుంది. కాలేజీ ల్యాబ్‌లో డేటాబేస్ కోసం ఏది నేర్పిస్తారో కనుక్కుని ఇక్కడ రాయండి. ఒరాకిల్ అంటే 8 జీబీతో మొదలుపెట్టినా ఇంకో 8 వేయాల్సి రావచ్చు, అప్పుడు రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్‌నే ఏరుకోవాలి. షాపువాడు రెండు 4 జీబీలు వేసి 8 అని ఇస్తున్నాడా, ఒకే 8 వేసి ఇస్తున్నాడా అన్నది కూడా అడగండి.

షాపుకి వెళ్లాక మోడల్ పేరు, ప్రాసెసర్ నంబరు, బ్యాటరీ రిపోర్ట్‌లోని రెండు అంకెలు, చెప్పిన ధర ఇక్కడ పెడితే చూసి చెబుతాను.